ఎర్తుకి నీళ్ళు పోసిన మా మేనత్త

మొన్న మా ఫరంపేటలో, మా ఇంటి పక్క ఖాళీ జాగాలో లేచిన నాలుగంతస్తుల మేడకి లిఫ్టు బిగించడానికి కాకినాడ నుంచి మనుషులొచ్చి, ప్రహరీ వారగా నడుం లోతు గొయ్యి తవ్వి, అందులో ఇనప గొట్టం నిలబెట్టి, బస్తాలోంచి నల్లటి పొడి కుమ్మరించి పైన బిందెలతో నీళ్ళు పోస్తుంటే, చేతిలో కాఫీ గ్లాసుతో గోడకివతల నిలబడి చూస్తూ ఉండిపోయాను. వాళ్ళ మేస్త్రీ నన్ను చూసి, "ఏంటి తాతగారూ, అంతలా చూస్తన్నారు? ఎర్తండి ఇది, కరెంటు కొట్టకుండా," అన్నాడు. ఉప్పూ బొగ్గూ వెయ్యరా అని అడిగితే నవ్వి, "ఆయ్, అయ్యన్నీ పాత పద్ధతులండి, ఇప్పుడంతా పౌడరేనండి," అన్నాడు. అదే సమయానికి కూరల సంచులు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు, మట్టి అంటకుండా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఏదో సీరియల్ సంగతి మాట్లాడుకుంటూ ఆ గొయ్యి పక్కనుంచే వెళ్ళిపోయారు. అందులో ఏం పాతుతున్నారని ఒక్కరూ అడగలేదు. అంత మామూలుగా జరిగిపోతున్న పనిని అక్కడ నిలబడి చూడలేకపోయాను. కాఫీ సగం ఒలకబోసుకుని లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాను.

ఈ సంగతి నేనింతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆవిడకి సగం తెలుసు. నా ఈడువాళ్ళు, ఊరందరికీ కలిపి ఒక్కటే రేడియో ఉన్న రోజులు ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి చెప్పుకుంటే అర్థమవుతుందని రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. యానాం చుట్టుపక్కలదే, అడవిపొలం దాటి సైకిలు తొక్కి ఆపైన రేవు దాటాలి. ఆనాడు రాళ్ళు పట్టుకున్నవాళ్ళ మనవలు ఇప్పుడు నా ఇంటికొచ్చి పెళ్ళి శుభలేఖలిచ్చి వెళుతుంటారు. వాళ్ళకేం తెలుసు పాపం.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది, నాకు ఇరవై రెండేళ్ళు. ఊళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన ఉమ్మడి రేడియోలు బాగుచేసే ఉద్యోగం దొరికి, మద్రాసులో ఆరు నెలలు శిక్షణకి వెళ్ళాను. అక్కడ మాకు పాఠం చెప్పిన మేస్టారు బట్టతలాయన, ఎప్పుడూ సుద్దముక్క చేత్తోనే నెత్తి గోక్కుని నెత్తంతా తెల్లగా చేసుకునేవారు. రేడియో అంటే పాటలూ హరికథలూ అనుకుని వెళ్ళిన నాకు, దాని వెనక ఇంత లెక్క ఉందని చెప్పింది ఆయనే. పగటిపూట రేడియో తరంగం నేలని అంటిపెట్టుకుని పాకుతూ వస్తుందనీ, తడినేల మీదా ఉప్పునీటి మీదా చురుగ్గా వస్తుందనీ, పొడి ఇసక మీదా రాతి మీదా నీరసపడిపోతుందనీ, పొద్దు వాలాక ఆకాశంలో పైనెక్కడో ఉన్న పొరకి తగిలి దూరదేశాల తరంగాలు కూడా మన మీదకి దిగుతాయనీ బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పేవారు. ఏ ఊళ్ళో స్తంభం నిలబెడితే ఎన్ని జిల్లాలకి వినబడుతుందో, కరెంటు లేని పల్లెకి ఎలాంటి బ్యాటరీ ఇవ్వాలో, అన్నీ ఆ బొమ్మల్లోంచి తేల్చినవేనట. ఊరికొక్క పెట్టె, దానికొక తాళం, ఒకే కేంద్రానికి కట్టేసిన మీట, పొద్దుట కాసేపు, మధ్యాహ్నం కాసేపు, సాయంత్రం కాసేపు ప్రసారం, మధ్యలో నిశ్శబ్దం. ఈ ఏర్పాటంతా శాస్త్రం తెలిసిన బుర్రలు కూర్చుని ఆలోచించి పెట్టినదని ఆయన గర్వంగా చెప్పేవారు. ఏరియల్ అందుకున్నదాన్ని నేలలోకి దింపడానికి ఎర్తు లేకపోతే రేడియో సగం చచ్చినట్టేనని రోజుకోసారైనా అనేవారు. ఈ పెట్టె ఒక పల్లెలో పదేళ్ళు మాట్లాడితే ఆ పల్లెలో దెయ్యాలూ చిల్లంగులూ ఉండవని కూడా అన్నారు. చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట నేను నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. నాకంత నమ్మకం.

నా వంతుకొచ్చిన ఊళ్ళలో మా మేనత్త ఊరు ఒకటి. మా నాన్నగారి అక్క, చిన్నతనంలోనే భర్త పోయి, పిల్లల్లేక, ఎండుచేపలు అమ్ముకుంటూ ఆ ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. నోరు కాస్త పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆ ఊళ్ళో వరదకి అందకూడదని రేడియో పాకని ఎత్తయిన ఇసక తిప్ప మీద కట్టారు, ఆ తిప్పకి ఆనుకునే అత్త గుడిసె. వరద సంగతి బాగానే ఆలోచించారు గానీ ఎర్తు సంగతి ఎవరూ ఆలోచించలేదు. కింద ఊరంతా ఉప్పు చెమ్మ, తిప్ప మీద మాత్రం వేసవొస్తే అరచెయ్యి లోతున కూడా తడి ఉండదు. నేను వెళ్ళి పెట్టె బిగించి చూస్తే గొంతు పీలగా, బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. అందుకని లోతుగా గొయ్యి తవ్వి, రాగిరేకుకి తీగ చుట్టి నిలువుగా దింపి, చుట్టూ ఒక వరస బొగ్గూ ఒక వరస రాతి ఉప్పూ వేసి పూడ్చి, పైన నీళ్ళు పోశాను. గొంతు లేచింది. ఆ సాయంత్రం ఊరు ఊరంతా తిప్పెక్కింది. సముద్రం ఎలా ఉండబోతుందో పెట్టె చెబుతుంటే మగాళ్ళు తలపాగాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడి విన్నారు. అందరికంటే ముందు వరసలో కూర్చునేవాడు, రెండు వలలున్న ఆసామి, వరసకి నాకు అన్నయ్యే. ఒళ్ళో తన చిన్న కూతురిని కూర్చోబెట్టుకునేవాడు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. అంతకు ముందు నెలలోనే ఇంకో ఊళ్ళో నేను పాతిన రాగిరేకుని ఎవరో తవ్వి ఎత్తుకుపోయారు. రాగి కదా, ఎవరికైనా ఆశే. ఇంకొకటి పోతే ఉద్యోగం ఉండదని నన్ను గట్టిగా హెచ్చరించారు. అందుకని ఈ ఊళ్ళో మగాళ్ళు వేటకీ ఆడవాళ్ళు సంతకీ వెళ్ళిన మిట్టమధ్యాహ్నం చూసుకుని గొయ్యి తవ్వాను. బొగ్గు బుట్ట మోసింది మా అత్త ఒక్కర్తే. నెలకోసారి తప్ప రాలేను గనక, వారానికి రెండుసార్లు ఆ చోట కాసిని నీళ్ళు పొయ్యమన్నాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఓరబ్బాయ్, మీ పెట్టె మాట్టాడతం బాగానే ఉంది గానీ, నీళ్ళు కూడా తాగుద్దేంట్రా?" అని పకపకా నవ్వింది. కింద రాగి ఉందని పొరపాటున కూడా ఎవరితోనూ అనొద్దనీ, అంటే నా ఉద్యోగం ఊడుతుందనీ చెప్పాను. నవ్వు ఆపి, "నా నోట్లోంచి రాదులే," అంది. వట్టు వేయించుకున్నాను కూడా. మా నాన్న మీద.

ఆ వేసవిలో మంచినీళ్ళకి కరువొచ్చింది. ఆడవాళ్ళు రెండేసి బిందెలకోసం రేవు దాటి వెళ్ళొచ్చేవారు. అలాంటి రోజుల్లో మా అత్త, మంచినీళ్ళు పారబోయడానికి ప్రాణం ఒప్పక, బియ్యం కడిగిన తెల్లటి నీళ్ళు చెంబులో పట్టుకుని, రోజూ దీపాలవేళ తిప్పెక్కి, "తాగు తల్లీ, తాగు," అని పశువుతో మాట్లాడినట్టు మాట్లాడుతూ ఆ ఇసకలో పోసేదట. ఉప్పునీళ్ళయితే ఎర్తుకి ఇంకా మంచిదని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే కాలవలోంచి తెచ్చి పోసేది, ఎవరూ పట్టించుకునేవారు కాదేమో.

ఊళ్ళో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఒకే వీధిలో వారంలో ఇద్దరు పిల్లలు పోయారు. మూడో పిల్ల, ఆ అన్నయ్య ఒళ్ళో కూర్చుని రేడియో వినే పిల్ల. పొద్దుట ఆడుకున్నది సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయి, మర్నాడు తెల్లారేసరికి లేదు. తరవాత అర్థమైంది, తప్పు ఆ వీధివాళ్ళు కరువులో తాగిన దిగువ బావి నీళ్ళది. అప్పుడు మాత్రం ఎవరికి ఏది గుర్తుకు రావాలో అదే గుర్తుకొచ్చింది. దడి సందులోంచి ఒకావిడ ఆ మిట్టమధ్యాహ్నం మేమిద్దరం గొయ్యి తవ్వి ఎర్రటి రేకుతోపాటు బొగ్గూ ఉప్పూ పాతడం చూసిందట. పిల్లల్లేని విధవ, సందెవేళ తెల్లనీళ్ళు, ఏదో గొణుగుడు, భూమిలో ఎర్రరేకు. మీరు ఆ ఊళ్ళో ఆ రోజు ఉంటే మీరేమనుకునేవారో నాకు తెలియదు. చాలా ఏళ్ళు వాళ్ళని తిట్టుకున్నాక ఈ మాట రాయగలుగుతున్నాను.

నేను ఆ రోజు సైకిలు మీద కొత్త బ్యాటరీ కట్టుకుని వెళ్ళాను. రేవు దిగుతుండగానే అరుపులు వినబడ్డాయి. కొట్లాట అనుకున్నాను, వలల దగ్గర అలాంటివి మామూలే. తిప్ప ఎక్కి చూస్తే, ఏరియల్ కోసం నేను పాతించిన సరుగుడు బాదుకి మా అత్తని వల తాడుతో కట్టేసి ఉంచారు. చీర చిరిగి వేలాడుతోంది. రాయి తగిలి నుదురు పగిలి కారిన రక్తం ఒక కన్ను మూసేసింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఉండవలసిన వైపుకి లేదు. తెల్లారగట్లనుంచీ అడుగుతున్నారట, కింద ఏం పాతావని. "ఏటుందే కింద? సెప్పవే ముండా, సెప్పు," అని ఒకడు తెడ్డు తిరగేసి కాళ్ళ మీద కొడుతున్నాడు, కొట్టినప్పుడల్లా ఆవిడ మోకాళ్ళు వంగి, తాడుకి వేలాడి, మళ్ళీ నిలబడుతోంది. పెదవులు బిగించి ఉంది. ఏడవడం లేదు. ఒక్క మాట చెబితే కొట్టడం ఆపుతారన్న సంగతి ఆవిడకి తెలుసు. ఆ ఒక్క మాటకీ తాళం వేసింది నేను.

పరిగెత్తి అడ్డం పడ్డాను. పాతింది నేననీ, ఆవిడకేం తెలియదనీ, అది చిల్లంగి కాదు రేడియో ఎర్తనీ అరిచాను. నన్ను కొట్టలేదు ముందు. నేను చదువుకున్నవాణ్ణి, పెట్టె తెచ్చినవాణ్ణి, అందరి చేతి కొబ్బరినీళ్ళూ తాగినవాణ్ణి. జనం కాస్త వెనక్కి తగ్గారు కూడా. ఆ పిల్ల తండ్రి ముందుకొచ్చాడు, ఎర్రబడిన కళ్ళతో, చేతిలో చేపలు కోసే కత్తితో. అరవలేదు. నెమ్మదిగా అడిగాడు. "నువ్వే పాతేవు, సరే. రోజూ నీళ్ళు పొయ్యమంది కూడా నువ్వేనా?"

అవునంటే సరిపోయేది. ఒక్క అవును. కానీ మా మేస్టారు నాకు నేర్పిన మొదటి గుణం, చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు చెప్పడం. బుర్రలో ఆ పాఠం ఎంత గట్టిగా కూర్చుందో, ఆ కత్తి ముందు కూడా అదే వచ్చింది. "రోజూ అనలేదు, వారానికి రెండుసార్లు చాలన్నాను," అన్నాను.

అన్నాక గాని ఏం అన్నానో నాకు తెలియలేదు. మా అత్త ఒక కన్నుతో నా వైపు చూసింది. "మరయితే రోజూ ఎవడి పేరు సెప్పి పోసిందిరా!" అని ఆ తండ్రి కేక పెట్టాడు, ఆ కేకతో జనం మళ్ళీ మీద పడ్డారు. రెండు పారలు వచ్చాయి. గొయ్యి తవ్వారు. తీగ పట్టుకుని లాగితే నా రాగిరేకు పైకొచ్చింది, అప్పటికి ఎర్రగా లేదు, ఉప్పు తిని పచ్చగా చిలుమెక్కి, అంటుకున్న బొగ్గుముక్కలతో, తెల్లటి ఉప్పుగడ్డలతో, బియ్యపు నీళ్ళు పులిసిన కంపుతో. ఆడవాళ్ళు పిల్లల మొహాలు చీరల్లో దాచేసుకున్నారు.

నేను పాకలోకి పరిగెత్తి పెట్టె తాళం తీసి మీట తిప్పాను. ఎర్తు ఉంటే గొంతు, లేకపోతే గొంతు లేదు, కళ్ళ ముందు చూపిస్తే నమ్మక చస్తారా అనుకున్నాను. లోపల వాల్వులు వేడెక్కాయి. వచ్చింది గొంతు కాదు, బుస. చేతి గడియారం చూసుకుంటే పదకొండున్నర. పొద్దుటి ప్రసారం అయిపోయింది, మధ్యాహ్నానిది పన్నెండున్నరకి. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? గంట ఆగండి, ఒక్క గంట, అప్పుడు మాట్లాడుతుంది, అప్పుడు చూపిస్తాను, అప్పటికీ నమ్మకపోతే నన్ను నరకండి అని చేతులు జోడించి అందరి కాళ్ళ మీదా పడ్డాను. "పాములాగ బుస కొడతంది సూడండ్రా," అన్నారెవరో. గంట ఎవరాగుతారు? ముగ్గురు పిల్లలు పోయిన వీధి.

మొదటి దెబ్బ నా చెవి మీద తగిలింది. అక్కణ్ణుంచి ఎవరు కొట్టారో ఎక్కడ కొట్టారో చెప్పలేను. కింద పడ్డాక పొట్టలో ఒకడు తన్నిన తన్నుకి ఊపిరి ఆగి, ఇసకలో మొహం పెట్టి కక్కుకున్నాను. ఇద్దరు నా వీపు మీద కూర్చున్నారు. నా సామాన్ల సంచీ చిరిగి స్క్రూడ్రైవర్లూ టంకం కడ్డీలూ చెల్లాచెదురయ్యాయి. అందులోంచి కటింగ్ ప్లేయరు ఒకడు తీసుకున్నాడు.

మా వైపు అప్పట్లో ఒక ఆచారం ఉండేది, ఇప్పుడు లేదని గట్టిగా చెప్పలేను. చిల్లంగి పెట్టేవాళ్ళకి ముందు పళ్ళు పీకేస్తే మంత్రం నోట సరిగా పలకదనీ, పలకని మంత్రం పారదనీ. మా అత్త తలని వెనక్కి వంచి జుట్టు బాదుకి చుట్టేశారు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నా ప్లేయరు, నా పేరు మేకుతో గీసుకున్న పిడి, దానితో. మొదటి పన్ను విరిగింది, ఊడలేదు, మళ్ళీ పట్టారు. ఆ చప్పుడు రాయను. గింజుకున్నాను, కొంతసేపు నిజంగానే గింజుకున్నాను. రెండో పన్ను దగ్గర మళ్ళీ ఒక తన్ను తగిలాక గింజుకోవడం మానేసి కళ్ళు మూసుకున్నాను. ఈ మాట మా ఆవిడకి చెప్పిన సగంలో లేదు. నాలుగు పళ్ళు పీకారు. పాకలో నేను గట్టిగా పెట్టిన పెట్టెని ఎవరూ ఆపలేదు, ఆపడం తెలియదు, అది అంతసేపూ బుస కొడుతూనే ఉంది.

తరవాత కట్లు విప్పితే ఆవిడ గోతి పక్కనే కూలబడింది. ఇక నిప్పు పెట్టాలని కొందరు, సముద్రంలో కలపాలని కొందరు వాదించుకోవడం మొదలుపెట్టారు. కిరసనాయిలు డబ్బా కోసం ఒకణ్ణి పంపారు కూడా. ఆ వాదన మధ్యలోనే పెట్టెలో బుస మారింది. ఎక్కడో చాలా దూరంనుంచి, తెగిపోతూ, ఒక ఆడగొంతు టైము చెప్పింది, పన్నెండున్నర. ఆ వెనకే సన్నగా వేణువు మొదలైంది. జనం అటు తిరిగారు. ఆ పిల్ల తండ్రి ఒక్కడే తిరగలేదు. వాడు పెట్టెకి ఇంకా తగిలే ఉన్న తీగతో సహా పైన పడి ఉన్న ఆ రాగిరేకుని చూస్తూ, ఊగిపోతూ, దాన్ని మళ్ళీ భూమిలోకి తొక్కేయాలన్నట్టు కాలితో గోతిలోకి తోసి, అడుగున తడి ఇసకలోకి దిగేలా బలమంతా పెట్టి తొక్కాడు. పెట్టెలో వేణువు ఒక్కసారిగా లేచింది, ఊరి చివరికి వినబడేంత గట్టిగా. వాడు ఉలిక్కిపడి కాలు తీశాడు. రేకు ఒరిగింది, వేణువు నీరసపడింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ లేచింది. మళ్ళీ తీశాడు. ఎన్నిసార్లు చేశాడో, ఆ చెయ్యడంలో వాడి మొహం ఎలా మారుతూ వచ్చిందో నేను ఇసకలోంచి చూశాను. ఆఖరికి కాలు రేకు మీదే ఉంచి, కదలకుండా నిలబడిపోయాడు. మద్రాసులో మా మేస్టారు బోర్డు మీద చూపించిన ప్రయోగం అది. నేను గంట తరవాత చేసి చూపిస్తానన్నదీ అదే.

ఒక్కొక్కరే తిప్ప దిగిపోయారు. తెడ్డు పట్టుకున్నవాడు తెడ్డు అక్కడే పారేసి పోయాడు. మా అత్తని ఎత్తుకుని రేవుదాకా మోసి పడవలో పడుకోబెట్టింది ఆ పిల్ల తండ్రే. దారంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు, పిల్ల కోసమో అత్త కోసమో వాడికే తెలియదు. నాకు వాణ్ణి చంపాలని ఉంది, చెయ్యి ఎత్తే ఓపిక లేదు.

ఆసుపత్రిలో మూడో రోజున ఆవిడకి మాట వచ్చింది. వాచిన పెదవులతో, ఖాళీ చిగుళ్ళతో, మొట్టమొదట అన్న మాట: "నేను సెప్పలేదురా." ఆ తరవాత, "ఉద్యోగం ఉందా?" అంది. ఉందన్నాను. కళ్ళు మూసుకుని, తప్పు చేసినట్టు మెల్లిగా అంది. "ఎనకాల కూకున్న పిల్లలకి ఇనపట్టం లేదంటే రోజూ పోశాన్రా. నువ్వు రెండు రోజులే అన్నావు. నాదే తప్పు." నేను ఆ మంచం కోడు పట్టుకుని ఏడ్చిన ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. పోలీసులొచ్చి అడిగితే తిప్ప మీంచి జారిపడ్డానంది. మళ్ళీ ఆ ఊళ్ళోనే బతకాలి కదా. నేనూ నోరెత్తలేదు.

ఆ ఊళ్ళో రేడియో ఆగలేదు. అందరూ చూస్తుండగా, పట్టపగలు, ఆ పిల్ల తండ్రి స్వయంగా గొయ్యి తవ్వి రేకు దింపాడు. ఇంటికి ఒక రోజు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళు పోస్తామన్నారు. నెలా రెండు నెలలు పోశారు కూడా. తరవాత ఒకళ్ళు మర్చిపోయారు, ఒకళ్ళు పక్కవాళ్ళు పోస్తారనుకున్నారు, మరుసటి వేసవికి గొంతు మళ్ళీ పీలదయిపోయింది. అత్త మాత్రం ఆ వైపుకి మళ్ళీ వెళ్ళలేదు. గుడిసె గుమ్మంలో కూర్చుని, వంకర తిరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వినబడినంత వినేది.

ఇప్పుడు ఎవరి పెట్టె వాళ్ళ జేబులో ఉంది. పెట్టెకి ఊరితో పని లేదు, నేలతో పని లేదు, వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా అని ఎవరూ చూడక్కర్లేదు. ఈ మధ్యనే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఎవడో ఒక పిచ్చివాడి ఫొటో ఫోన్లలో తిప్పితే, వాణ్ణి స్తంభానికి కట్టి కొట్టినవాళ్ళలో రిటైరయ్యాక నేను మా అరుగు మీద అక్షరాలు దిద్దించిన పిల్లలు కూడా ఉన్నారని విన్నాను. వాళ్ళకి ఎర్తంటే ఏమిటో తెలుసు, తరంగమంటే ఏమిటో నాకంటే బాగా తెలుసు. ఒక గంట ఆగడం మాత్రం వాళ్ళకీ రాలేదు. మా మేస్టారు బతికి ఉంటే అడగాలని ఉంది, అది ఏ పాఠంలో ఉందో.

ట్రాన్సిస్టర్లు వచ్చిన కొత్తల్లో ఒకటి కొని తీసుకెళ్ళి మా అత్త చేతిలో పెట్టాను. అరచేతిలో పట్టేటంత పెట్టె, మీట తిప్పగానే గొంతు ఖణీమని పలికింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగున చూసి, చూరువైపు చూసి, భూమిలోకి తీగ ఏదిరా అని అడిగింది. దీనికి తీగ లేదత్తా, ఎర్తు అక్కర్లేదు, లోపలే అంతా ఉంటుంది అన్నాను. మరి నీళ్ళు అంది. నీళ్ళూ అక్కర్లేదు అన్నాను. చాలాసేపు దాన్ని చెవికి ఆనించుకుని విని, ఆపి, నాకు తిరిగిచ్చేసింది.

"ఇదేదో ముందే తెచ్చుంటే సరిపోయేది కదరా అబ్బాయ్," అంది.